జీర్ణోద్ధరణా, నవప్రతిష్ఠా? పేరిణి, ఆంధ్రనాట్యాల పునరుజ్జీవనంపై ఒక విచారణ

పోయిన కళను తిరిగి నిలబెట్టినప్పుడు, నిలిచినది ఆ పాత కళేనా లేక దాని పేరు ధరించిన మరొకటా అన్న సందేహం పైకి కళాచరిత్రకారుల వాదంలా కనిపించినా, దేవాలయ నృత్యం విషయంలో అది ముందుగా మతానికీ తత్త్వానికీ చెందిన ప్రశ్న. ఆగమ సంప్రదాయంలో నృత్యం వినోదం కాదు, ఉపచారం. ఛత్రం, చామరం, గీతం, వాద్యం వంటివాటితో పాటు, రాజుకు జరిపినట్టే దేవునికి జరిపే మర్యాదల్లో, అంటే రాజోపచారాల్లో, అది ఒకటి. ఒకనాడు ధూపం ఆగిపోతే మరునాడు వెలిగించవచ్చు. తరాల పాటు ఆగిపోయిన నృత్యాన్ని మళ్లీ మొదలుపెట్టినవారు సమర్పిస్తున్నది ఆ పాత ఉపచారమేనని ఎవరు చెప్పాలి, ఏ ప్రమాణంతో చెప్పాలి? 20వ శతాబ్దంలో తెలుగునాట జరిగిన శాస్త్రీయ నృత్య పునరుజ్జీవనానికి మూలాలు వెదికేవారు ఈ ప్రశ్నను తప్పించుకుని ముందుకు పోలేరు.

హైదరాబాదు తూర్పు భాగమైన ఉప్పల్, నాచారం ప్రాంతం ఈ విచారణకు తగిన చోటు. ఉప్పల్ భగాయత్‌లో మూసీ ఒడ్డున వెలసిన చిన్న శిల్పారామంలో వారాంతపు సాయంత్రాలు కూచిపూడి మొదలైన శాస్త్రీయ నృత్యాల ప్రదర్శనలు జరుగుతుంటాయి. అక్కడికి కొద్ది దూరంలోని ఉప్పల్ కూడలి మీదుగానే వరంగల్ రహదారి సాగుతుంది. ఆ దారినే యాదగిరిగుట్టకు మలుపు, ఆ దారినే హనుమకొండ, ములుగు దాటి పోతే సుమారు 200 కిలోమీటర్ల దూరంలో పాలంపేట రామప్ప గుడి. మూసీకి ఆవలి ఒడ్డున, చైతన్యపురిలోని నరసింహస్వామి గుట్టపై, పండితులు సుమారు 5వ శతాబ్దానిదని భావించే ప్రాకృత శాసనం ఒకటి బండపై చెక్కి ఉంది. విష్ణుకుండిన ప్రభువు గోవిందవర్మ పేర వెలసిన గోవిందరాజ విహారాన్ని అది ప్రస్తావిస్తుంది. పాతది మళ్లీ వస్తుందా అన్న వాదంలో బౌద్ధులది ఒక బలమైన పక్షం కాబట్టి, ఆ పక్షానికి చెందిన విహారం ఇంత చేరువలో ఉండేదన్న సంగతిని గుర్తు పెట్టుకోవడం మంచిది.

బౌద్ధ తార్కికుల సిద్ధాంతం క్షణికవాదం. ఉన్న ప్రతి వస్తువూ క్షణంలో పుట్టి క్షణంలో నశిస్తుందని, తరువాతి క్షణంలో కనిపించేది దాని పోలిక గల మరో వస్తువని దాని సారాంశం. సాయంత్రం వెలిగించిన దీపాన్ని అర్ధరాత్రి చూసి అదే జ్వాల అనుకోవడం, కత్తిరించిన గోళ్లు, వెంట్రుకలు మళ్లీ పెరిగితే అవే ఇవి అనుకోవడం వారి దృష్టిలో భ్రాంతి. సాదృశ్యాన్ని చూసి ఏకత్వాన్ని ఊహించడం. నైయాయికులు దీనికి ప్రత్యభిజ్ఞతో, అంటే ఎరిగిన దానిని మళ్లీ ఎదురైనప్పుడు గుర్తుపట్టే జ్ఞానంతో, సమాధానం చెప్పారు: నాడు చూసిన దేవదత్తుడే వీడు అన్న గుర్తింపు బాధితం కానంతవరకు, అంటే మరో జ్ఞానం దానిని తప్పని తేల్చనంతవరకు, అది ప్రమాణమే, ఆ గుర్తింపుకు ఆధారమైన వస్తువు స్థిరంగా ఉన్నట్టే. అయితే ప్రత్యభిజ్ఞకు ఒక షరతు ఉంది. గుర్తుపట్టేవాడు పూర్వం చూసినవాడై ఉండాలి. దేవదత్తుణ్ణి ఎన్నడూ చూడనివాడు, అతని వర్ణన చదివి, అతని చిత్రపటం చూసి, ఎదురుపడిన మనిషిని ఇతడే దేవదత్తుడంటే అది గుర్తింపు కాదు, అనుమానం. తర్కపరిభాషలో అనుమానమంటే శంక కాదు, హేతువు నుంచి తేల్చుకున్న జ్ఞానం. అది నిజం కావచ్చు కూడా. కాని దానిని ప్రత్యభిజ్ఞ అనరాదు. నృత్య పునరుజ్జీవనాన్ని తూచడానికి ఈ తేడా ఒక్కటే చాలావరకు సరిపోతుంది.

ఆగమశాస్త్రం ఇదే చిక్కును మరో విధంగా, పనిలో పెట్టి, పరిష్కరించింది. గుడి శిథిలమైనా విగ్రహం భిన్నమైనా చేసే పునర్నిర్మాణానికి జీర్ణోద్ధరణ అని పేరు. అందులో మొదటి పని పాతది కూల్చడం కాదు, కళాకర్షణ. అంటే బింబంలోని దైవశక్తిని మంత్రపూర్వకంగా జలంతో నిండిన కుంభంలోకి ఆవాహన చేయడం. పని పూర్తయ్యేవరకు పూజలు బాలాలయమనే తాత్కాలిక మందిరంలో జరుగుతాయి, ఆ తరువాత కుంభంలోని కళను కొత్త బింబానికి అందిస్తారు. రాయి మారింది, గోడ మారింది, బహుశా కొలతలూ మారాయి. అయినా దేవుడు ఆ దేవుడే, ఎందుకంటే నడుమ కుంభం ఉంది, పూజ ఒక్కనాడూ ఆగలేదు. యాదగిరిగుట్టలో ఈ క్రమాన్ని ఈ తరం కళ్లారా చూసింది. 2016లో బాలాలయం ఏర్పడింది, 2022 మార్చి 28న మహాకుంభ సంప్రోక్షణతో కొత్త ఆలయం తెరుచుకుంది. గుహలోని స్వయంభూమూర్తి మాత్రం కదలలేదు. కాకతీయ శైలి ఛాయలు గల ఆ కృష్ణశిలా నిర్మాణానికి రూపకల్పన చేసిన ఆనంద్‌సాయి సినిమా కళాదర్శకుడు కావడం గమనించదగిన విషయం. నాచారంలో నందమూరి తారక రామారావు నెలకొల్పిన రామకృష్ణ స్టూడియోలో 1977 నాటి దానవీరశూరకర్ణ కోసం పురాణకాలపు సభలు లేచినప్పుడు పనిచేసిన నైపుణ్యమూ ఇటువంటిదే. చెక్కతో, సున్నంతో, రంగుతో లేచిన ఆ సభలు చిత్రీకరణ ముగియగానే పోయాయి, గుట్టపై గుడి నిలిచింది. రెండింటికీ తేడా శిల్పి నేర్పులో లేదు, ఒకచోట ప్రతిష్ఠ, నిత్యార్చన ఉండి మరొకచోట లేకపోవడంలో ఉంది. పవిత్రత రూపానికి అంటుకుని ఉండదని, క్రియతో వచ్చి నిత్యసేవతో నిలుస్తుందని ఆగమం చెప్పేదానికి ఇంతకన్నా స్పష్టమైన నిదర్శనం అక్కర్లేదు.

ఇక నృత్యం సంగతి. కాకతీయుల కాలపు నాట్యం 20వ శతాబ్దానికి మూడు రూపాల్లో అందింది: రాయి, తాటాకు, మనిషి. రాయి రామప్ప. గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు 1213లో కట్టించిన ఆ గుడిలో నర్తకుల, మద్దెల వాద్యకారుల వరుసలు, చూరు కింద నల్లరాతి మదనికలు ఉన్నాయి. 1914లో ఏర్పడిన నిజాం రాజ్యపు పురావస్తు శాఖకు అధిపతి గులాం యజ్దానీ 1922లో పాలంపేట ఆలయాలపై గ్రంథం ప్రచురించి వాటిని పండితలోకం దృష్టికి తెచ్చారు. హిందూ దేవాలయ నృత్య పునరుద్ధరణకు తొలి ఆధారాల్లో ఒకటి ఒక ముస్లిం పండితుని శ్రద్ధ వల్ల పదిలమైందన్న మాట ఈ చరిత్రలో చిన్న అక్షరాలతో రాయవలసినది కాదు. తాటాకు జాయపసేనాని నృత్తరత్నావళి. గణపతిదేవుని గజసాహిణి, అంటే ఏనుగుల దళానికి అధిపతి అయిన జాయప, 1253-54లో సంస్కృతంలో రచించిన ఆ గ్రంథంలో ఎనిమిది అధ్యాయాలు; మొదటి నాలుగు భరతుని మార్గ పద్ధతికి, చివరి నాలుగు దేశి పద్ధతికి, అంటే ఆయా ప్రాంతాల్లో వాడుకలో ఉన్న నృత్యాలకు చెందినవి. వి. రాఘవన్ సంపాదకత్వంలో అది 1965లో మద్రాసులో అచ్చయింది, రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ తెలుగు అనువాదం 1969లో వెలువడింది.

ఈ రెండు ఆధారాలనూ కలిపి చదివి పేరిణికి ప్రాణం పోసినవాడు నటరాజ రామకృష్ణ (1923–2011). జాయప గ్రంథంలోనూ, దేవగిరి యాదవుల ఆశ్రయంలో శార్ఙ్గదేవుడు రచించిన సంగీతరత్నాకరంలోనూ పేరిణి వర్ణన ఉంది. రెండింటా ముఖ్యమైన అంశం గజ్జెల నాదాన్ని నర్తకుడు తన అదుపులో పెట్టుకుని రకరకాలుగా పలికించడం, దానికే ఘర్ఘరమని పేరు. యుద్ధానికి పోయే ముందు వీరులు శివలింగం ఎదుట చేసిన తాండవమన్నది నేడు ప్రచారంలో ఉన్న వివరణ. రామప్ప శిల్పాల భంగిమలను పట్టుకుని, శాస్త్రంలోని లక్షణాలను వాటికి అన్వయించి, నడుమ ఖాళీలను తన శిక్షణతో, ఊహతో, శైవభక్తితో నింపి రామకృష్ణ నిర్మించిన పేరిణి శివతాండవం 1985 శివరాత్రి నాడు రామప్ప గుడి ముంగిట ప్రదర్శితమైంది. శిల్పం ఒక్క క్షణాన్ని మాత్రమే పట్టుకుంటుంది, ఆ క్షణానికి ముందు పాదం ఎక్కడుందో, తరువాత ఎక్కడికి పోయిందో చెప్పదు. గ్రంథం లక్షణం చెబుతుంది, కాలప్రమాణాన్ని, శ్వాసను చెప్పలేదు. పేరిణిని చేసి చూపగల గురువు ఆనాటికి ఒక్కరూ మిగిలి లేరు. కాబట్టి తర్కం ప్రకారం పేరిణి అనుమానఫలం, ప్రత్యభిజ్ఞ కాదు. ఆగమం ప్రకారం అది జీర్ణోద్ధరణ కాదు, నవప్రతిష్ఠ.

ఈ మాట పేరిణికి తక్కువ చేసేది కాదు. ఇటలీలోని ఫ్లారెన్స్ నగరంలో 16వ శతాబ్దం చివర కొందరు పండితులు, సంగీతజ్ఞులు కూడి ప్రాచీన గ్రీకు నాటకాల గానాన్ని తిరిగి తేవాలని యత్నించారు. వారికీ గ్రంథాలున్నాయి గాని పాడి వినిపించేవారు లేరు. ఆ యత్నంలో గ్రీకు గానం రాలేదు, ఒపేరా అనే సరికొత్త సంగీతనాటకం పుట్టింది. దానిని పాత గ్రీకు కళేనని నేడు ఎవరూ అనరు, నకిలీ అనీ అనరు. నవప్రతిష్ఠ జరిగిన గుడిలో దేవుడు లేడని ఏ ఆగమమూ చెప్పదు. ప్రతిష్ఠ విధి ప్రకారం జరిగి నిత్యార్చన సాగితే చాలు. పేరిణి నర్తకులు శివుని ఎదుట ఆడుతున్నంతకాలం, ఆ నిష్ఠ నిలిచినంతకాలం, అది ఉపచారమే. దానికి 800 ఏళ్ల అవిచ్ఛిన్న వయసును అంటగట్టనవసరం లేదు.

మూడో రూపమైన మనిషి ద్వారా అందిన ఆంధ్రనాట్యం కథ వేరు, అందులోనే నొప్పి ఎక్కువ. దేవాలయాల్లో, ఆస్థానాల్లో, ఊరి ప్రాంగణాల్లో ఆడిన కలావంతుల స్త్రీల నృత్యానికి పునరుద్ధరణ కాలంలో స్థిరపడిన పేరు అది. సానులని, గుడిసానులని, దేవదాసులని రకరకాలుగా పిలిచిన ఆ స్త్రీల వద్ద పదాభినయం, భామాకలాపం, గొల్లకలాపం, దేవునికి దృష్టిదోషం తీసే కుంభహారతి తరం నుంచి తరానికి నడిచాయి. 19వ శతాబ్దం చివర కందుకూరి వీరేశలింగం మొదలైన సంస్కర్తలు భోగం మేళాలను నిరసించారు. 1947 నాటి మద్రాసు చట్టం ఆడపిల్లలను దేవునికి అంకితం చేయడాన్ని నిషేధించింది, 1988లో ఆంధ్రప్రదేశ్ మరో చట్టం చేసింది. ఆ ఆచారం చాటున జరిగిన దోపిడీ నిజం, పసిపిల్లల జీవితాలను వారి సమ్మతి లేకుండా కట్టివేసిన పద్ధతి పోవలసినదే; సంస్కర్తలు అన్యాయాన్ని చూసి మాట్లాడారు. కాని అన్యాయాన్ని తొలగించిన చేయే ఆ స్త్రీల విద్యనూ అపవిత్రమని పక్కకు నెట్టింది. తల్లి నేర్చిన పదాన్ని కూతురికి నేర్పడం సిగ్గుచేటైంది, ఎందరో గజ్జెలు విప్పి పెట్టెల్లో దాచారు. ఆ తరువాత అవే పదాలు, అదే అభినయం, ఇతర కులాల ఇళ్లలో, నగర వేదికలపై గౌరవనీయమయ్యాయి.

నటరాజ రామకృష్ణ చేసిన పనుల్లో పేరిణి కన్నా గొప్పది ఇక్కడే ఉంది. ఆయన కోస్తా జిల్లాల్లో వృద్ధులైన కలావంతులను వెదికి, వారిని గురువులుగా గౌరవించి, 1970 ప్రాంతంలో హైదరాబాదుకు పిలిపించి, వారి చేత అభినయింపజేసి, శిష్యులకు నేర్పించాడు. పూర్వం చూసినవారు, చేసినవారు ఆనాడు బతికి ఉన్నారు. ఇదే ఇది అని వారు చెప్పగలరు, ఇది కాదు అని కూడా చెప్పగలరు. తార్కికుడు కోరే ప్రత్యభిజ్ఞ ఇక్కడ సిద్ధించింది. ఆగమపు మాటల్లో చెప్పాలంటే, గుడిలోంచి కళ తొలగి కొత్త వేదికకు చేరేవరకు నడుమ దానిని మోసిన కుంభం ఆ స్త్రీల దేహం, జ్ఞాపకం. నిషేధపు ఏళ్లలో తలుపులు మూసుకుని మనుమరాలికి పదం చూపిన వసారాయే బాలాలయం. కుంభహారతి ఎత్తిన చేతులే తరువాత కుంభమయ్యాయి. బౌద్ధుని దీపజ్వాల దృష్టాంతానికి కూడా ఇక్కడే జవాబు దొరుకుతుంది: జ్వాల ప్రతి క్షణం మారుతుందని ఒప్పుకున్నా, ఒక వత్తి నుంచి మరో వత్తికి అంటించిన దీపానికీ, ఆరిపోయిన దీపాన్ని బొమ్మలో చూసి కొత్తగా రాజేసిన దీపానికీ పరంపరలో భేదం ఉంది. ఆ పరంపరను, తమ పరిభాషలో సంతానమని పిలిచి, బౌద్ధులు కూడా అంగీకరించారు.

అందువల్ల పేరిణి నవప్రతిష్ఠ, ఆంధ్రనాట్యం జీర్ణోద్ధరణ. రెండూ పూజకు అర్హమైనవే, కాని రెండింటి ఋణం ఒకరికి చెందినది కాదు. పేరిణి ఋణపడినది రామప్ప శిల్పులకు, జాయపకు, నటరాజ రామకృష్ణకు. ఆంధ్రనాట్యం ఋణపడినది ఆ ముగ్గురికన్నా ముందు కలావంతుల స్త్రీలకు. పూజ మొదలుపెట్టే ముందు సంకల్పంలో గోత్రనామాలు చెప్పడం ఎంత విధో, ఉప్పల్ శిల్పారామంలోనైనా మరే వేదికపైనైనా ఆంధ్రనాట్యానికి గజ్జె కట్టిన పిల్ల తన గురువు పేరుతో పాటు, ఆ గురువుకు అభినయం అందించిన కలావంతురాలి పేరునూ సభకు వినిపించడం అంత విధి కావాలి. నేర్పే గురువులు ఆ పేరును ఈ ఏడాది నుంచే శిష్యులకు చెప్పాలి.