ఉపకారమునకు వెల యిచ్చువారెవరు?

మార్టూరు చుట్టును పత్తిచేలు, మిరపచేలు. వాని నడుమ గ్రానైటు రాతిని కోసి మెరుగుపెట్టు కర్మాగారములు. ప్రక్కనున్న బల్లికురవలో 2025 ఆగస్టు 3వ తేదీన ఒక గనియందు రాళ్లు విరిగిపడి, ఒడిశానుండి వచ్చిన ఆర్గురు కూలీలు మరణించిరి. మరణము పత్రికల కెక్కును. దినదినమును తగ్గించి యిచ్చు కూలి యెక్కదు. మేమిచ్చట విచారింపబూనినది ఈ రెండవ దానిని గూర్చియే.

న్యాయశాస్త్రము చదువు యువకుడో యువతియో సెలవులలో ఇట్టి కూలివారికి తోడ్పడబోయినచో అది మెచ్చదగిన పని యని యెల్లరు నందురు, మేమును అందుము. కాని యా మేలునకు వెల చెల్లించునది యెవరు? విద్యార్థి వెచ్చించునది కొన్ని దినములు. ఫిర్యాదుపై వ్రేలిముద్ర వేసిన కూలివానిని మరునాడు మేస్త్రీ పనికి పిలువకపోవచ్చును. యజమాని చూపిన పాకలోనే కాపురమున్నచో నీడయు పోవును. ఓడినను విద్యార్థికి అనుభవము మిగులును; గెలిచినను కూలివానికి పని మిగులునన్న నమ్మకము లేదు.

అట్లయిన నూరకుండుటయే మేలా? కాదు. మౌనమునకును వెల గలదు. దానిని కూలివాడొక్కడే చెల్లించుచున్నాడు. ఏషియాడ్ నిర్మాణములలోని కూలీలను గూర్చిన వ్యాజ్యమున 1982లో సుప్రీంకోర్టు, కనీసవేతనమునకు తక్కువగా నిచ్చి పనిచేయించుకొనుట రాజ్యాంగపు 23వ అధికరణము నిషేధించిన నిర్బంధశ్రమయే యని తీర్పు చెప్పినది. ఆకలిచే తలయొగ్గుట సమ్మతి కాదు.

కావున విద్యార్థి మొదట తెలుపవలసినది ధైర్యవచనములు గాదు, ఉన్నదున్నట్లు చట్టము. 1948 నాటి కనీసవేతనముల చట్టము క్రింద ఆరునెలలలో అడుగవలసియుండెను. 2025 నవంబరు 21 నుండి అమలులోనికి వచ్చిన వేతనముల స్మృతి మూడేండ్ల గడువిచ్చుచున్నది. బాకీ చెల్లించితినని రుజువుచేయు భారమును యజమానిపైననే యుంచినది. అనగా కూలివాడు నేడే తెగింపనక్కరలేదు. పనిచేసిన దినములను, ముట్టిన రొక్కమును వ్రాసియుంచుకొని, పని ముగిసిన పిమ్మటనైనను అడుగవచ్చును. అతడు “ఇప్పుడు వద్దు” అనినచో దానిని పిరికితనమనరాదు. కష్టము నెత్తిన పడువానిదే నిర్ణయము.

న్యాయవాదిగా నమోదు కాని విద్యార్థి కోర్టులో వాదింపజాలడు. కాని జాతీయ న్యాయసేవల సంస్థవారి 2009 నాటి పథకమును బట్టి పారాలీగల్ వాలంటీరుగా చేరి, అర్జీ వ్రాసిపెట్టవచ్చును, దారి చూపవచ్చును. స్త్రీలకును, షెడ్యూల్డు కులములు తెగలవారికిని, పారిశ్రామిక కార్మికులకును 1987 నాటి చట్టము ఉచిత న్యాయసహాయమును హక్కుగా నిచ్చినది. హక్కును అందించువాడు దాత కాడు. తపాలా బంట్రోతు జాబు నిచ్చి కృతజ్ఞత కోరునా?

తుదకు మా ప్రశ్న యింటిముంగిటికే వచ్చుచున్నది. కూలివారి పక్షమున నిలువగోరు విద్యార్థి, తమ చేలో మిరపకాయలు కోయు స్త్రీకి తన తల్లిదండ్రు లిచ్చు కూలి యెంతయో అడిగెనా? అదే పనికి పురుషునికంటె ఆమెకు తక్కువ యిచ్చుట చట్టవిరుద్ధమని వారికి చెప్పెనా? ఆ మాట చెప్పినచో ఇంట అప్రియము కలుగవచ్చును, చదువునకు వచ్చు సొమ్మును కొంత తగ్గవచ్చును. ఆ నష్టము తనదే. ఆ వెల ముందుగా తాను చెల్లించినవాడు పరుల పాకలకు పోయి, మీరును ధైర్యము వహింపుడని చెప్పుటకు అర్హుడగును.