పురిటి సెలవు ఎవరి సొత్తు?

తెలుగులో ‘సెలవు’ అన్న చిన్న మాటకు ఎన్ని అర్థాలున్నాయో పిల్లలకు వివరించబోయినప్పుడు గాని మనకు తెలియదు. బడికి సెలవు అంటే వారికి వెంటనే బోధపడుతుంది. ‘గురువుగారు ఇలా సెలవిచ్చారు’ అంటే ఆయన చెప్పారని, ఆజ్ఞాపించారని అర్థం. ఇంటికి వచ్చిన అతిథి లేచి ‘ఇక సెలవు’ అంటే, వెళ్ళడానికి మన అనుమతి కోరుతున్నాడని అర్థం. ఈ అర్థాలన్నిటిలోనూ ఒక పోలిక ఉంది. సెలవు ఇచ్చేవారు ఒక మెట్టు పైన ఉంటారు, పుచ్చుకునేవారు ఒక మెట్టు కింద ఉంటారు.

బిడ్డ పుట్టినప్పుడు తల్లిదండ్రులు ఉద్యోగానికి దూరంగా గడిపే కాలాన్ని కూడా మనం సెలవు అనే అంటున్నాము. ఆ కాలం యజమాని దయతో ఇచ్చేదా, ఉద్యోగి హక్కుగా తీసుకునేదా, లేక వీరిద్దరిదీ కాని సొత్తా? ఈ అమెరికాలో స్థిరపడిన మన కుటుంబాలలో ప్రతి ఏటా ఎన్నో ఇళ్ళకు ఎదురయ్యే ప్రశ్న ఇది. అయినా దీనిని సెలవుదినాల లెక్కగా చూడడమే తప్ప ధర్మానికి సంబంధించిన ప్రశ్నగా చూడడం అరుదు.

మన పెద్దల కాలంలో దీనికి జవాబు పుట్టింటిలో ఉండేది. తొలి కాన్పుకు ఆడపిల్లను పుట్టింటికి తీసుకువెళ్ళేవారు. ‘పురుడు పోయడం’ ఆ ఇంటివారి బాధ్యత. బాలింతకు పథ్యం, కాయం, నూనె మర్దన, వేడినీళ్ళ స్నానం అన్నీ అమ్మమ్మ చేతి మీదుగా జరిగేవి. మూడో నెలలోనో అయిదో నెలలోనో సారె పెట్టి, చంటిబిడ్డతో సహా అత్తవారింటికి పంపేవారు. అయితే ఈ చిత్రాన్ని చూసి మురిసిపోవడం మాకు ఇష్టం లేదు. కాస్త కలిగిన ఇళ్ళ కథ ఇది. చెట్టుకొమ్మకు చీరతో ఉయ్యాల కట్టి, బిడ్డను అందులో వేసి నాట్లకు వంగిన తల్లులు మన ఊళ్ళలోనే ఉండేవారు. వారికి విశ్రాంతి ఇవ్వవలసింది ఎవరని ఆనాడు ఎవరూ అడిగినట్లు లేదు.

ఇక్కడ పుట్టిల్లు సముద్రాల అవతల ఉంది. అమ్మమ్మ సందర్శకుల వీసాపై వస్తుంది, వచ్చిన రోజునుంచే ఆమె తిరుగు ప్రయాణపు తేదీ ఇంట్లో అందరి మనసులోనూ మెదులుతూ ఉంటుంది. వీసా దొరకని ఇళ్ళూ ఉన్నాయి, అమ్మమ్మ లేని ఇళ్ళూ ఉన్నాయి. అందువల్ల పుట్టింటివారు మోసిన బరువులో కొంత ఇప్పుడు చట్టం మీద, యజమాని మీద, ముఖ్యంగా భర్త మీద పడింది.

చట్టం ఏమంటున్నదో ముందు చూద్దాం. 1993లో ఈ దేశం కుటుంబ, వైద్య సెలవుల చట్టాన్ని తెచ్చింది. ఎఫ్.ఎం.ఎల్.ఏ. అని అందరూ అనేది దీనినే. బిడ్డ పుట్టినా, దత్తత తీసుకున్నా, 12 నెలల లోపల 12 వారాల సెలవు తీసుకోవచ్చు. తల్లికీ తండ్రికీ ఒకే నియమం. ఆ కాలంలో ఆరోగ్య బీమాను యజమాని యథాతథంగా కొనసాగించాలి, తిరిగి వచ్చినప్పుడు అదే ఉద్యోగమో దానికి సమానమైనదో ఇవ్వాలి. కాని జీతం ఇవ్వనక్కరలేదు. ప్రైవేటు సంస్థ అయితే అందులో కనీసం 50 మంది ఉద్యోగులు ఉండాలి, మనం పనిచేసే చోటికి 75 మైళ్ళ లోపల అంతమంది ఉండాలి, మనం అక్కడ ఏడాది పనిచేసి ఉండాలి, గడచిన 12 నెలల్లో 1250 గంటలు పనిచేసి ఉండాలి. భార్యాభర్తలిద్దరూ ఒకే సంస్థలో ఉంటే, పుట్టిన బిడ్డ కోసం ఇద్దరికీ కలిపి 12 వారాలే ఇచ్చే వెసులుబాటు యజమానికి ఉంది. ఒకే కార్యాలయంలో పరిచయమై పెళ్ళి చేసుకున్న మన సాఫ్ట్‌వేర్ దంపతులు ఈ సంగతి ఎనిమిదో నెలలో తెలుసుకుని నివ్వెరపోవడం మేము చూశాము.

హైదరాబాదులో ఉన్న బంధువులు ఈ మాట విని జాలిపడతారు. భారతదేశంలో 1961 నాటి ప్రసూతి ప్రయోజనాల చట్టాన్ని 2017లో సవరించి, మొదటి ఇద్దరు పిల్లలకు 26 వారాలు, అదీ జీతంతో, ఇచ్చారు. గొప్ప విషయమే. కాని ఆ జీతం మొత్తం యజమానే భరించాలి, తండ్రికి ఆ చట్టంలో చోటు లేదు. పెళ్ళీడు అమ్మాయికి ఉద్యోగం ఇచ్చే ముందు యజమాని మనసులో ఏ లెక్క నడుస్తుందో ఊహించడం కష్టం కాదు. బరువంతా ఒకరి నెత్తిన పెట్టిన న్యాయం, చివరికి ఎవరి కోసం పెట్టారో వారి మీదకే ఒరుగుతుంది.

ఇప్పుడు అసలు ప్రశ్నకు వద్దాం. ఈ కాలం యజమానిది కాదనడం సులభం. ఉద్యోగిది అని వెంటనే అనాలనిపిస్తుంది, హక్కు అన్న మాట అలాగే ధ్వనిస్తుంది. అయితే హక్కును వాడుకోవడం, వదులుకోవడం రెండూ మన ఇష్టమే గదా. మన మగవారిలో చాలామంది చేస్తున్నది సరిగ్గా ఇదే. సంస్థ ఆరు వారాలు జీతంతో ఇస్తానన్నా, రెండు వారాలు తీసుకుని, మూడో వారం నుంచి ‘ప్రాజెక్టు వదిలి రాలేను’ అంటారు. ఆ మాటలో కొంత గర్వం కూడా ఉంటుంది. వీసా భయం, గ్రీన్‌కార్డు దరఖాస్తు మధ్యలో ఉందన్న భయం నిజమైనవే, వాటిని మేము తేలికగా తీసిపారేయడం లేదు. కాని ఆ భయం లేనివారు కూడా అదే మాట అంటున్నారు.

మా ఆలోచన ఇది. ఆ కాలం బిడ్డది. తల్లిదండ్రులు దానికి ధర్మకర్తలు మాత్రమే. మైనరు బిడ్డ పేరున ఉన్న పొలాన్ని తండ్రి తన ఉదారత చూపడానికి ఎవరికో రాసి ఇస్తే ఊరు ఒప్పుకోదు. అలాగే బిడ్డ పేరున వచ్చిన వారాలను ఆఫీసుకు దానమిచ్చి మంచివాడు అనిపించుకోవడం దాతృత్వం కాదు. మన సంప్రదాయం మూడు ఋణాలతో మనిషి పుడతాడని చెప్పింది. సంతానం కలగడంతో పితృఋణం తీరుతుందని పెద్దలంటారు. కాని కన్నంత మాత్రాన తీరే ఋణం ఎంత చవక! రాత్రి రెండు గంటలకు బిడ్డను భుజాన వేసుకుని గదిలో తిరిగిన తండ్రికి ఆ మాటకు అర్థం మరింత బాగా తెలుస్తుందని మా నమ్మకం.

బిడ్డ సొత్తు అన్నప్పుడు ఉద్యోగి మీద కూడా కొన్ని బాధ్యతలు పడతాయి. ముందుగా తెలిసిన సెలవుకు కనీసం 30 రోజుల ముందు చెప్పాలని చట్టం అడుగుతుంది. అది కనీస మర్యాద. మన పని మోయబోయే సహోద్యోగికి దానిని వివరంగా అప్పగించి వెళ్ళడం చట్టం అడగని మర్యాద. పేరుకు బిడ్డ కోసం సెలవు పెట్టి, ఆ వారాల్లో మరోచోట కన్సల్టింగు పని చేయడం మాత్రం మోసమే, అందులో మోసపోయేది యజమాని ఒక్కడే కాదు.

ఇంతకన్నా చిక్కు ప్రశ్న ఒకటి ఉంది. తిరిగి చేరకూడదని ముందే నిశ్చయించుకున్న తల్లి ఆ మాట చెప్పకుండా సెలవు తీసుకోవచ్చునా? చెబితే బీమా పోతుందని, చెప్పవద్దని స్నేహితులందరూ సలహా ఇస్తారు. తిరిగి చేరకపోతే, అనారోగ్యం వంటి తప్పనిసరి కారణం లేనప్పుడు, తాను కట్టిన బీమా సొమ్మును తిరిగి అడిగే అధికారం యజమానికి చట్టం ఇచ్చింది. దీనిపై మా ఇంట్లోనే ఏకాభిప్రాయం లేదు. నిజం చెప్పడమే ధర్మం అని మేము అంటాము. కాని కాన్పు ముంగిట బీమా పోగొట్టుకునే పరిస్థితిని సృష్టించిన ఏర్పాటు, ఆ తరువాత సత్యం గురించి బోధించడం మాకూ చేదుగానే ఉంది. కడుపులో నిశ్చయం చేసుకోవడం వేరు, బిడ్డ పుట్టాక మనసు మారడం వేరు అని కూడా గమనించాలి. ఎంతోమంది తల్లులు తిరిగి వెళ్ళలేమనుకుని వెళ్ళారు, వెళ్తామనుకుని వెళ్ళలేకపోయారు.

యజమాని సంగతి చెప్పేటప్పుడు మనం పెద్ద కంపెనీలనే తలచుకుంటాము. కాని మనలోనే యజమానులు ఉన్నారు. కిరాణా దుకాణాలు, భోజనశాలలు, మోటళ్ళు, చిన్న కన్సల్టింగు సంస్థలు నడిపేవారు ఉన్నారు. 50 మంది లేని చోట ఆ 1993 నాటి చట్టం మాట్లాడదు. పప్పులు తూచి పొట్లాలు కట్టే అమ్మాయి నెలలు నిండాక పని మానేస్తుంది. బిడ్డకు మూడో నెల వచ్చాక వస్తే ఆ చోటు ఉండదు. ‘నేను ముగ్గురితో దుకాణం నడుపుతున్నాను, ఆమె చోటు ఖాళీగా ఎలా ఉంచగలను?’ అని యజమాని అంటాడు. ఆయన కష్టం అబద్ధం కాదు. అందుకే కొన్ని రాష్ట్రాలు మరొక దారి వెతికాయి. కాలిఫోర్నియాలో 2004 నుంచి, న్యూజెర్సీలో 2009 నుంచి, జీతంలో కొద్ది భాగం అందరి దగ్గరా కోసి ఒక నిధిగా కూర్చి, సెలవులో ఉన్నవారికి అందులోనుంచి చెల్లిస్తున్నారు. కాలిఫోర్నియాలో ఎనిమిది వారాల వరకు, 2025 నుంచి జీతాన్ని బట్టి 70 నుంచి 90 శాతం దాకా వస్తుంది. దుకాణం యజమాని జేబులోనుంచి ఆ సొమ్ము పోదు. ఆ సౌకర్యం ఉందని పనిచేసే అమ్మాయికి చెప్పడానికైతే ఆయనకు ఖర్చేమీ లేదు గదా. ఎంతమంది చెబుతున్నారు?

ఇంకొక యజమాని గురించి చెప్పకపోతే ఈ వ్యాసం అసంపూర్ణం. ఆలయం కూడా యజమానే. కొన్నేళ్ళ క్రితం మేము సభ్యులుగా ఉన్న ఒక ఆలయ కమిటీ ముందుకు ఒక చిన్న విషయం వచ్చింది. అర్చకస్వామి ఇంట బిడ్డ పుట్టింది. జాతాశౌచం, అంటే వాడుకలో పురుడు, పది రోజులు. ఆ పది రోజులు ఆయన గర్భగుడిలో అడుగుపెట్టరాదు. శాస్త్రం దీనిని తండ్రి విశ్రాంతి కోసం పెట్టిందని మేము అనడం లేదు. అశౌచం వేరు, సెలవు వేరు. అయినా పుట్టిన బిడ్డ పక్కన తండ్రిని పది రోజులు నిలబెట్టిన నియమం అది, దానిని ఏ మేనేజరూ తోసిపుచ్చలేడు.

ఆ పది రోజుల జీతం సంగతి వచ్చేసరికి, సేవ చేయని రోజులకు జీతం ఎలా ఇస్తామని ఒకరన్నారు. చట్టప్రకారం ఇవ్వనక్కరలేదని మరొకరు ధ్రువీకరించారు. ఆ గదిలో ఉన్న మాలో సగం మంది తమ తమ కంపెనీల్లో జీతంతో కూడిన సెలవు అనుభవించినవారే. ఎవరమూ నోరెత్తలేదు. తీర్మానం రెండు నిమిషాల్లో అయిపోయింది, తరువాత అన్నకూటం ఖర్చుల మీద గంటసేపు చర్చించాము.

పదకొండో రోజున స్వామి స్నానం చేసి, ఎప్పటిలాగే సుప్రభాతానికి వచ్చారు. బారసాలకు మమ్మల్నందరినీ పిలిచారు. మేము వెళ్ళి, భోజనం చేసి, ఉయ్యాలలో ఉన్న బిడ్డ చేతిలో డాలర్ల కవరు పెట్టి వచ్చాము. ఆ కవరులో ఉన్నది, మేము కోసిన జీతంకన్నా తక్కువ.