పిల్లలకి భక్తి నేర్పాలా, వద్దా? ఉద్దానంలో నాకు దొరికిన సమాధానం



ఈ వారం వీడియోలో ఇంట్లో సాయంత్రం దీపం గురించి మాట్లాడుకున్నాం కదా. అందులో చెప్పకుండా వదిలేసిన విషయం ఒకటుంది. చెప్పడానికి సిగ్గేసింది. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

మా ఊరు పలాస దగ్గర, ఉద్దానం వైపు. జీడితోటలు, కొబ్బరితోటలు, ఇంకాస్త ముందుకెళ్తే సముద్రం. ఇప్పుడు నేను ఉండేది వైజాగ్‌లో. మొన్న వేసవి సెలవులకి ఆరేళ్ళ మా అబ్బాయిని తీసుకుని అమ్మ దగ్గరికి వెళ్ళాను. పక్కింటి పిన్ని వాళ్ళు క్రైస్తవులు. మూడు తరాలుగా బాప్టిస్టు చర్చికి వెళ్ళే కుటుంబం. ఆవిడ మనవరాలిది, మావాడిది ఒకే ఈడు. పగలంతా కలిసే ఆడుకునేవారు.

ఒక మధ్యాహ్నం పిన్ని ఇద్దరికీ అన్నం పెట్టింది. ఆ పాప కళ్ళు మూసుకుని, చేతులు జోడించి, అన్నం ఇచ్చినందుకు దేవుడికి, వండినందుకు మామ్మకి థాంక్స్ చెప్పుకుంది. మావాడు ఫక్కున నవ్వి, "మీది ఫారిన్ దేవుడు కదా, ఆయనకి తెలుగెలా వస్తది?" అన్నాడు.

నాకు తల కొట్టేసినట్టయింది. పిన్ని మాత్రం నవ్వేసి, "ఏటి నాన్నా, దేవుడికి రాని భాష ఉంటాదేటి? తిను, సల్లారిపోతాది" అంది.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. వాడికి ఆ మాట ఎవరు నేర్పారు? స్కూల్లో కాదు, నేనే. కూర్చోబెట్టి నేర్పలేదు. వంటింట్లో ఫోన్ మాట్లాడుతూ ఎప్పుడో అన్నాను. వాడు పక్కనే బొమ్మలతో ఆడుకుంటున్నాడు.

"పిల్లలకి ఇప్పుడే మతం ఎందుకండీ, పెద్దయ్యాక వాళ్ళే ఎంచుకుంటారు" అని మనలో చాలామంది అంటారు. నేనూ అనేదాన్ని. వినడానికి బాగానే ఉంటుంది. కానీ నేను నేర్పనంత మాత్రాన వాడి మనసు ఖాళీగా ఉండిపోలేదు. మన దేవుడికి దణ్ణం పెట్టడం రాలేదు గానీ, పక్కింటి దేవుణ్ణి వెక్కిరించడం వచ్చేసింది.

అప్పట్నుంచి పిన్ని వాళ్ళింట్లో ఏం జరుగుతుందో గమనించాను. అన్నానికి ముందు ప్రార్థన. రాత్రి పడుకోబోయే ముందు అందరూ చాప మీద కూర్చుని ఒక పాట, ఒక వాక్యం. వీధిలో ఎవరికి జ్వరమొచ్చినా ఆ రాత్రి ప్రార్థనలో వాళ్ళ పేరుంటుంది. ఆదివారం సండే స్కూల్ కూడా ఉంది, కానీ పాప ఎక్కువ నేర్చుకునేది ఆ చాప మీదే. ఇంట్లో కూర్చున్నా, దారిలో నడుస్తున్నా, పడుకున్నా, లేచినా దేవుడి మాటలు పిల్లలతో మాట్లాడుతూ ఉండమని వాళ్ళ బైబిల్లో ద్వితీయోపదేశకాండం 6వ అధ్యాయం చెబుతుంది.

మరి ఇది పసివాళ్ళ మీద రుద్దడం కాదా? పిన్నినే అడిగేశాను.

"రుద్దితే నిలవదమ్మా. మా పెద్దోడికి కర్రట్టుకుని నేర్పాను. ఇప్పుడాడు చర్చి మెట్టెక్కడు. దీని ముందు నా ప్రార్థన నేను చేసుకుంటన్నాను, అంతే" అంది. చెబుతున్నప్పుడు ఆవిడ కళ్ళలో నీళ్ళు.

నాకు ప్రహ్లాదుడు గుర్తొచ్చాడు. ఆ కథలో బలవంతం చేసిందెవరు? తండ్రి. తననే కొలవమన్నాడు, చండామార్కుల దగ్గర పెట్టి చదివించాడు. ఆ చదువు అంటలేదు. అమ్మ కడుపులో ఉండగా నారదుడి ఆశ్రమంలో చెవిన పడ్డదే అంటింది. కర్ర పట్టుకుంటే మనం హిరణ్యకశిపుడి వైపు ఉన్నట్టే. అలాగని వాళ్ళ చెవిన ఏదీ పడకుండా ఆపడం మన చేతిలో లేదు. ఏం పడాలన్నదే మన చేతిలో ఉంది.

మర్నాడు మావాడికి ముత్తాత కథ చెప్పాను. ఆయన ప్రతి కార్తీక సోమవారం టెక్కలి దగ్గర రావివలస వెళ్ళేవారు. అక్కడ ఎండల మల్లికార్జునస్వామికి పైకప్పు లేదు, ఎండలోనే కొలువుంటాడు. ముసలితనంలో తాతకి శుక్లాలొచ్చి చూపు పోతే, సోంపేటలో కెనడా బాప్టిస్టులు పెట్టిన ఆసుపత్రిలో ఆపరేషన్ చేశారు. డాక్టర్ బెన్ గలిసన్ పనిచేసిన ఆసుపత్రి అది. ఆయన పనికి సాయంగానే 1963లో కెనడాలో ఆపరేషన్ ఐసైట్ సంస్థ మొదలైంది. "ఆ కళ్ళతోనే తాత మళ్ళీ మల్లన్నని చూసుకున్నారు" అన్నాను.

వాడు కాసేపు ఆలోచించి, "అయితే సారీ చెప్పాలా?" అన్నాడు. ఇద్దరం వెళ్ళి చెప్పాం.

పిన్ని నమ్మకం వేరు, నాది వేరు. ఆ తేడా అలాగే ఉంది, ఉండనివ్వండి. వైజాగ్ వచ్చాక మార్చుకున్నది మా ఇంటినే. ఇంతకుముందు మన ఛానల్ స్తోత్రమే టీవీలో పెట్టేసి, నేను ఫోన్ చూసుకునేదాన్ని. ఇప్పుడు దీపం దగ్గర ఐదు నిమిషాలు ఫోన్ ఉండదు. అన్నం ముందు ఒక నమస్కారం. పడుకునే ముందు ఆ రోజు ఎవరికి బాగోలేదో వాళ్ళ పేరు. వాడు కొన్నిసార్లు కూర్చుంటాడు, కొన్నిసార్లు పారిపోతాడు. పిలవను.

ఈ రోజు మీ ఇంట్లో పిల్లలు మీ నోట ఏం విన్నారో పడుకునే ముందు ఒక్కసారి గుర్తు చేసుకోండి. వచ్చే వారం కలుద్దాం.

ఓం నమః శివాయ.