ఒడ్డుకు చేరిన సొత్తు ఎవరిది?

నెల్లూరు తీరంలోని కొత్తపట్నం ఇసుకలో చైనా పింగాణీ పెంకులు దొరికాయి. దక్షిణ భారతంలో, శ్రీలంకలో ఇలాంటి పెంకుల కోసం గాలించిన జపాన్ చరిత్రకారుడు నొబొరు కరషిమా బృందం పరిశీలించిన రేవుల్లో ఈ ఊరూ ఉంది. ఆ పెంకులు క్షేమంగా ఒడ్డు చేరిన ఓడల గుర్తులు. మరి చేరని ఓడల మాటేమిటి? తుఫానులో బద్దలైన ఓడ సరుకు ఎవరికి చెందాలి?

ధర్మశాస్త్రాలు ఈ సంగతి ఆలోచించాయి. యజమాని తెలియని సొత్తును రాజు మూడేళ్లు కాపాడాలనీ, ఈలోగా వచ్చి దాని రూపం, లెక్క సరిగా చెప్పినవాడికి తిరిగి ఇవ్వాలనీ మనుస్మృతి చెబుతుంది. సముద్రతీరంలో జరిగింది వేరు. ఒడ్డుకు కొట్టుకొచ్చిందల్లా రాజులు లాక్కునేవారు.

ఆ ఆచారాన్ని కాదన్నవాడు కాకతీయ గణపతిదేవుడు. నెల్లూరుకు ఉత్తరాన, నేటి బాపట్ల జిల్లాలోని మోటుపల్లిలో ఆయన వేయించిన అభయ శాసనం 1244 నాటిది. గాలివానకు పగిలిన ఓడల నుంచి వెనకటి రాజులు బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు అన్నీ బలవంతంగా తీసుకున్నారని అది దాపరికం లేకుండా చెబుతుంది. తాను మాత్రం నిర్ణీత సుంకం తప్ప మరేమీ తీసుకోనంటాడు. ఆ సుంకం ముప్పయ్యో వంతు.

ఇందుకు ఆయన చెప్పిన కారణాలు కీర్తి, ధర్మం, దయ. ప్రాణానికి తెగించి సముద్రం మీదికి వచ్చినవాళ్ల మీద దయ. రేవుకు వర్తకులను రప్పించే ఎత్తుగడ అని కొట్టిపారేయవచ్చు. లాభం ఆశించి ఉండవచ్చు కూడా. అయినా ఆపద వచ్చినంత మాత్రాన మనిషి హక్కు మునిగిపోదని రాతిమీద చెక్కించడం గొప్ప మాటే.

యజమానులే లేకపోతే? 1752 జనవరిలో డచ్చి ఓడ గెల్డర్‌మాల్సెన్ చైనా నుంచి తిరిగి వెళ్తూ దక్షిణ చైనా సముద్రంలో మునిగింది. ఓడలోని 112 మందిలో 80 మంది చనిపోయారు. టీ ఆకు పెట్టెల అడుగున పింగాణీ ఉంది. టీ పాడైంది, నీలం రంగు గాజుపూత కింద ఉండటంతో చాలా గిన్నెల అలంకరణ చెక్కుచెదరలేదు. 1985లో, మునిగిన ఓడల సరుకు వెలికితీసే మైకేల్ హాచర్ లక్షన్నర దాకా పాత్రలు పైకి తీశాడు. మరుసటి ఏడాది ఆమ్‌స్టర్‌డామ్‌లో క్రిస్టీస్ సంస్థ వాటిని వేలం వేసింది. ఓడ శిథిలాన్ని పద్ధతిగా నమోదు చేయకుండా సరుకు తీశారని పురావస్తు పండితులు బాధపడ్డారు.

ఆ బాధ న్యాయమైనది. అడిగే వారసుడు లేనప్పుడు పోయినవాళ్లకు మిగిలేది వాళ్ల ప్రయాణపు ఆనవాళ్లే: ఏ పెట్టె పక్కన ఏది ఉంది, నావికుడి సొంత వస్తువు ఏది, ఓడ ఎటు ఒరిగింది. గిన్నెను అక్కడి నుంచి కదిలించగానే ఆ సాక్ష్యం చెరిగిపోతుంది. కొన్నవాడు దొంగ కాడు, గిన్నె అందమూ తగ్గదు. అయినా మోటుపల్లి రాజు వద్దన్న పనికి ఇది మరీ దూరం కాదు.

నీటి అడుగు వారసత్వంపై యునెస్కో 2001 ఒప్పందం ఇలాంటి వ్యాపారం కూడదంది, మానవ అవశేషాలను గౌరవించమంది. మన దేశపు పాత మర్చంట్ షిప్పింగ్ చట్టం, 1958 నాటిది, పగిలిన ఓడ సొత్తుకు యజమాని ఏడాదిలోగా వచ్చి హక్కు నిరూపించుకోవాలంది. బతికున్న యజమానికి ఆ గడువు సరిపోతుందేమో, మూడు వందల ఏళ్ల కిందట మునిగినవాడికి ఏ గడువూ సరిపోదు. రేపు నెల్లూరు సముద్రంలో పాత ఓడ బయటపడితే, ప్రతి గిన్నె ఉన్న చోటూ వరసా రాసుకున్నాకే దాన్ని పైకి తేవాలి. ఆ పాత్రలన్నీ చెదరకుండా ఈ జిల్లాలోనే ఒకచోట, ఆ ఓడ మనుషుల కథతో సహా ఉండాలి.