ములికి ఎంచుకోవడంలో ధర్మం ఉందా?



దశరథ మహారాజు శబ్దభేది కథ మీద మనం చేసిన వీడియో చూసి, డెన్వర్‌లో ఉద్యోగం చేస్తున్న ఒక తమ్ముడు నాకు వాయిస్ నోట్ పంపాడు. ఏడు నిమిషాల నోట్. అందులో నాలుగు నిమిషాలు బాణాల గురించే. పేరు చెప్పొద్దన్నాడు కాబట్టి తమ్ముడు అనే అంటాను.

రెండేళ్ళ క్రితం సరదాగా విలువిద్య మొదలుపెట్టాడట, టార్గెట్ మీద. ఆఫీసులో తోటి ఉద్యోగి ఒకాయన ప్రతి సెప్టెంబర్‌లో విల్లు పట్టుకుని రాకీ పర్వతాల్లోకి ఎల్క్ వేటకి వెళ్తాడు. ఎల్క్ అంటే మన కణుజు లాంటిదే, ఇంకా పెద్దది. మగది 300 కిలోలు దాటుతుంది. ఈసారి నువ్వూ రా అన్నాడాయన. తమ్ముడు హంటర్ ఎడ్యుకేషన్ క్లాసు పూర్తి చేశాడు, లైసెన్స్ కూడా తీసుకున్నాడు. తీరా బాణం కొసన పెట్టే ములికి కొనడానికి దుకాణానికి వెళ్ళి, అక్కడ ఆగిపోయాడు.

"అన్నా, ఏ ములికి కొంటే దానికి తక్కువ బాధ? ఇంకోటి అన్నా... చంపడానికే వెళ్తూ తక్కువ బాధ అని వెతుక్కోవడం, నన్ను నేను మోసం చేసుకోవడమా?"

నిజం చెప్పాలంటే నేను విల్లు పట్టింది స్కూల్లో రాముడి వేషం వేసినప్పుడే. అది కూడా వెదురుబద్ద. మన దేశంలో అయితే ఈ ప్రశ్నే రాదు, 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం తర్వాత జింక మీద బాణం వేస్తే జైలే. కొలరాడోలో అలా కాదు. అమెరికాలో ఎల్క్ అన్నిటికంటే ఎక్కువ ఉన్న రాష్ట్రం అది. అక్కడి ప్రభుత్వమే ఎన్నిటిని వేటాడొచ్చో, ఎప్పుడు, దేనితో వేటాడొచ్చో నిర్ణయించి లైసెన్సులు ఇస్తుంది. కాబట్టి "అది నేరం, మానేయ్" అని చెప్పి తప్పించుకునే అవకాశం నాకు లేదు. కూర్చుని చదివాను.

మొదట తెలిసింది ఏంటంటే, బాణం తుపాకీ గుండులా చంపదు. గుండుకి వేగం ఉంటుంది, తగిలిన చోట చుట్టూ ఛిద్రం చేస్తుంది. బాణం కోస్తుంది, అంతే. ములికి కున్న బ్లేడ్లు ఊపిరితిత్తుల గుండా వెళ్ళాలి, రక్తం పోవాలి, మెదడుకి రక్తం అందక అది పడిపోవాలి. రెండు ఊపిరితిత్తులనూ కోసి బాణం అవతలికి దూసుకుపోతే చాలాసార్లు ఒక నిమిషం లోపే అయిపోతుంది. బ్లేడు మొద్దుగా ఉన్నా, బాణం సగంలో ఆగినా, ఒక అడుగు వెనక పొట్టలో దిగినా, గంటలు పడుతుంది. ఒక్కోసారి రాత్రంతా. ఒక అడుగు తేడాతో నిమిషం కాస్తా రాత్రి అవుతుంది. అందుకే అక్కడ చట్టం కూడా ములికి దాకా వచ్చింది. కొలరాడోలో ములికి వెడల్పు కనీసం 7/8 అంగుళం ఉండాలి, కనీసం రెండు స్టీలు అంచులు ఉండాలి.

ఇక రకాలు. ఒకటి ఫిక్స్‌డ్. బ్లేడ్లు కదలవు, కత్తిలా ఎప్పుడూ తెరిచే ఉంటాయి. రెండోది మెకానికల్. గాల్లో వెళ్ళేటప్పుడు బ్లేడ్లు ముడుచుకుని, తగిలాక విచ్చుకుంటాయి. మెకానికల్ కోసే వెడల్పు ఒకటిన్నర నుంచి రెండు అంగుళాలు. టార్గెట్ ప్రాక్టీసులో వాడే మొనలాగే నిటారుగా ఎగురుతుంది కాబట్టి గురి సులువు. కానీ విచ్చుకోవడానికి బాణానికున్న శక్తిలో కొంత ఖర్చవుతుంది, వెడల్పు కోతకి ఇంకొంత. జింక ఒళ్ళు పల్చన, చాలావరకు 100 కిలోల లోపే కాబట్టి దానికి సరిపోతుంది. ఎల్క్ భుజం ఎముక మందం, పక్కటెముకలు గట్టి. అక్కడ ఆ బ్లేడు వంగినా, సగమే విచ్చుకున్నా బాణం లోతుకి దిగదు. అందుకే ఎల్క్ వేటగాళ్ళలో చాలామంది బరువైన బాణం, గట్టి ఫిక్స్‌డ్ ములికి అంటారు. ములికి బరువు మామూలుగా 100 లేదా 125 గ్రెయిన్లు, అంటే ఆరున్నర గ్రాములు లేదా ఎనిమిది గ్రాములు. ఒక ప్రాణం ఎలా పోతుందన్నది ఇంత చిన్న ఇనుప ముక్క మీద ఉంది.

మన పెద్దవాళ్ళకి ఇది కొత్త సంగతి కాదు. మహాభారత యుద్ధపర్వాలు చదివితే ములికుల పేర్లే ఎన్నో కనిపిస్తాయి: భల్లం, క్షురప్రం, అర్ధచంద్రం, వత్సదంతం, మొత్తం ఇనుముతోనే చేసిన నారాచం. కర్ణుడి మీద అర్జునుడు చివర వేసింది అంజలికం. మనుస్మృతి ఏడో అధ్యాయంలో రాజధర్మం చెప్పేచోట ఇంకో మాట ఉంది. యుద్ధంలో ముళ్ళున్న బాణాలు, విషం పూసినవి, మొన నిప్పులో కాల్చినవి వాడకూడదు. అది మనుషుల మధ్య యుద్ధానికి చెప్పింది, వేటకి కాదు. అయినా ముళ్ళ సంగతి చదువుతుంటే నాకు ఆశ్చర్యం వేసింది, ఎందుకంటే వాషింగ్టన్ రాష్ట్రపు వేట నియమాల్లో కూడా ముళ్ళున్న ములికి నిషేధం. బ్లేడు వెనక అంచు బాణపు కాడతో 90 డిగ్రీల కంటే తక్కువ కోణం చేస్తే అది ముల్లు కింద లెక్క. ముల్లున్న బాణం లోపలికి వెళ్తుంది కానీ బయటికి రాదు. చంపకుండా ఆగితే, అది ఆ ఒంట్లోనే ఉండిపోతుంది. చంపడానికి అనుమతి ఇచ్చినవాళ్ళు కూడా, చంపలేకపోతే ఏమిటి అని ఆలోచించి గీసిన గీత అది.

ఇప్పుడు దశరథుడి దగ్గరికి రండి. సరయూ నది ఒడ్డు, వానాకాలం, చీకటి. కుండలో నీళ్ళు నిండే శబ్దం విని ఏనుగు అనుకుని వేశాడు. దగ్గరికి వెళ్ళి చూస్తే ముని కుమారుడు. బాణం ఉంచితే అబ్బాయి విలవిల్లాడుతున్నాడు, తీస్తే ప్రాణం పోతుంది. అబ్బాయే తీసెయ్యమన్నాడు. తీశాడు, ప్రాణం పోయింది. వీడియోలో నేను పుత్రశోకం శాపం గురించి చెప్పుకుంటూ వెళ్ళిపోయాను కానీ, ఈ బాణం తీసే క్షణం మీద ఆగలేదు. ఆ రాజు విద్యలో లోపం లేదు. గురి అద్భుతం. చూడకుండా వేశాడు, తన విద్య మీద అంత నమ్మకం.

ఇక్కడే తమ్ముడి మొదటి ప్రశ్నకి నా జవాబు మొదలవుతుంది. దుకాణంలో అతనికి ఒక మెకానికల్ ములికి చూపించి, ఇది చాలా "ఫర్గివింగ్" అన్నారట. కోత పెద్దది కాబట్టి గురి నాలుగంగుళాలు తప్పినా పని చేస్తుందని. విలుకాళ్ళ భాషలో మామూలు మాటే అది. మంచి గురి ఉన్నవాడు పొరపాటుకి జాగ్రత్తగా పెద్ద బ్లేడు పెట్టుకుంటే నేను తప్పు పట్టను. కానీ "నా గురి అంత బాలేదు, ఇది పెట్టుకుంటే 50 గజాల నుంచి కూడా వెయ్యొచ్చు" అని కొంటే, వాడు క్షమాపణ ముందే కొనుక్కుంటున్నాడు. అదీ క్రెడిట్ కార్డు మీద! ఎవరు క్షమించాలో వాళ్ళని అడగకుండా.

లెక్క చూడండి. మంచి కాంపౌండ్ విల్లు నుంచి బాణం సెకనుకి సుమారు 280 అడుగులు వెళ్తుంది. 30 గజాలంటే 90 అడుగులు, దాదాపు సెకనులో మూడో వంతు. నారి చప్పుడు అంతకంటే చాలా ముందే దాని చెవికి చేరుతుంది. జింక ఉలిక్కిపడి కిందికి వంగుతుంది, ఎల్క్ ఒక అడుగు ముందుకు వేస్తుంది. వదిలిన బాణానికి ఆ అడుగు తెలియదు. చేతిలో ఉన్నంతవరకే అది మన మాట వింటుంది. కాబట్టి మన చేతిలో ఉండే ధర్మం అంతా వదలకముందే: ఏ ములికి, ఎంత పదును, ఎంత దూరం, అది అటు తిరిగి ఉంటే వెయ్యకుండా విల్లు దించెయ్యగలమా లేదా. ములికి ఎంచుకోవడంలో ధర్మం ఉందా అంటే, నా దృష్టిలో ఉంది. చంపడం మంచిపని చేసేంత కాదు. బాధ విషయంలో నిర్లక్ష్యం అనే ఇంకో పాపం దానికి కలవకుండా చూసేంత.

ఇది ఆత్మవంచన కదా అంటారా? మిథిలలో ధర్మవ్యాధుణ్ణి గుర్తుచేసుకోండి. మాంసం అమ్ముకునేవాడు, కౌశికుడికి ధర్మం చెప్పాడు. తన పని గొప్పదని ఒక్కసారి కూడా అనలేదు, ఘోరమైనదే అని ఒప్పుకున్నాడు. నేను చంపను, వేరేవాళ్ళు చంపింది అమ్ముతాను అన్నాడు. పొలం దున్నితే చచ్చే పురుగుల సంగతీ ఎత్తాడు. తన పాపాన్ని తగ్గించి చెప్పకుండా, అందులోనే జాగ్రత్తగా బతికాడు. (ఆదివారం చికెన్ బిర్యానీ ఆర్డర్ పెట్టి, ఈ తమ్ముణ్ణి క్రూరుడు అనబోయే మిత్రులారా, ఒక్క నిమిషం. ఆ కోడి ఎలా పోయిందో మనం అడగను కూడా అడగలేదు. ఇతను కనీసం దుకాణంలో ఆగాడు.)

కానీ తమ్ముణ్ణి ఊరికే వదల్లేదు నేను. తక్కువ బాధే నీ లక్ష్యం అయితే, అసలు విల్లెందుకు? రైఫిల్ ఇంకా ఖాయంగా చంపుతుంది కదా. విల్లయితే దగ్గరికి వెళ్ళాలి, కష్టపడాలి, ఆ ప్రాణికీ ఒక అవకాశం ఉంటుంది అంటారు. కష్టం, తృప్తి, అడవిలో నిశ్శబ్దం, ఇవన్నీ వేటగాడికి దొరికేవి. ఎల్క్‌కి కాదు. ఒక్కటి మాత్రం ఒప్పుకుంటాను. 20 గజాల దూరంలో దాని కళ్ళు కనిపిస్తాయి. దశరథుడిలా చీకట్లో శబ్దానికి వేసే అవకాశం ఉండదు.

రెండోది ఇంకా కష్టమైన మాట. విల్లు సీజన్ సెప్టెంబర్‌లో ఎందుకు బాగా నడుస్తుందో తెలుసా? అది ఎల్క్ జతకట్టే కాలం. మగవి కూతలు పెడుతూ ఆడవాటి వెంట తిరుగుతాయి, ఒళ్ళు మరిచిపోతాయి. వేటగాళ్ళు ఆడ ఎల్క్ గొంతు అనుకరించి పిలుస్తారు, అది నమ్మి దగ్గరికి వస్తుంది. మారీచుడు రాముడి గొంతుతో అరవడం గుర్తొచ్చింది నాకు. అంతకంటే ఎక్కువగా పాండురాజు. జతకట్టిన లేళ్ళ మీద ఐదు బాణాలు వేశాడు. మగలేడి రూపంలో ఉన్న కిందముడు పడిపోతూ నిందించాడు. రాజులు వేటాడతారు కదా అని పాండురాజు వాదించాడు. అప్పుడు ఆ ముని చెప్పిన సంగతి మనం తరచు మర్చిపోతాం. వేటాడినందుకు నిన్ను తప్పు పట్టడం లేదు, ఈ సమయం పోయేదాకా ఆగలేకపోయావే, అదీ క్రూరత్వం అన్నాడు. పాండురాజు ములికి ఎంత పదునుగా ఉన్నా ఆ శాపం తప్పేది కాదు. ఇదంతా వాయిస్ నోట్‌లో చెప్పి పంపాను. అక్టోబర్, నవంబర్‌లలో రైఫిల్ సీజన్లున్నాయి, అప్పటికి ఆ కాలం చాలావరకు గడిచిపోతుంది, ఆలోచించు అన్నాను.

వాళ్ళమ్మగారికి కూడా చెప్పాడట ఈ సంగతి, గుంటూరులో ఉంటారు. ఆవిడ పాపం పుణ్యం ఏమీ మాట్లాడలేదు. "దెబ్బ తగిలి పారిపోతే ఏం చేస్తావురా?" అన్నారట.

అనుభవజ్ఞులైన వేటగాళ్ళు చేసేది తెలుసుకుని రాశాడు. తగిలాక అరగంట కదలకుండా కూర్చోవాలి, వెంటనే వెంబడిస్తే అది ఇంకా దూరం పరిగెడుతుంది. పొట్టలో తగిలిందని అనుమానం ఉంటే గంటల తరబడి ఆగి, తర్వాత రక్తం జాడ పట్టుకుని వెతకాలి. చీకటి పడితే మర్నాడు పొద్దున మళ్ళీ. దొరక్కపోతే, కొందరు లైసెన్స్ మిగిలే ఉన్నా ఆ ఏడాదికి తమ వేట అయిపోయినట్టే లెక్కేసుకుని ఇంటికి వచ్చేస్తారు. చట్టం చెప్పకపోయినా.

నిన్న మళ్ళీ మెసేజ్ వచ్చింది. ఫిక్స్‌డ్ ములికి, 125 గ్రెయిన్లది తీసుకున్నాడు. ప్రాక్టీసు మొనకి, దీనికి ఎగరడంలో తేడా ఉందని తెలిసి, విల్లు మళ్ళీ సరిచేయించి రెండు వారాలు అదే ములికితో వేశాడు. 20 గజాల్లో బాణాలు అరచేతంత చోటులో పడుతున్నాయి. 40 దగ్గర చెదిరిపోతున్నాయి. అందుకని విల్లు సైట్‌లో 40, 50 గజాల పిన్నులు విప్పేసి ఒక కవర్లో పెట్టి ఇంట్లో వదిలేస్తున్నాడట, అక్కడ ఆశ పుట్టినా గురి చూడ్డానికి పిన్ను ఉండకూడదని. పాండురాజు సంగతికి మాత్రం ఇంకా జవాబు రాలేదు. సెప్టెంబర్‌కి మూడు వారాలుంది.