పూల రంగా? కంటి రంగా?

ఇరవై ఏళ్ల క్రితం మీ పెరట్లో ఏ పూలుండేవి? ఇప్పుడేమున్నాయి? ఒకసారి గుర్తు చేసుకోండి.

కొత్తగా ఇల్లు కట్టుకున్నవారు గేటు మీదికి కాగితం పూల తీగ పాకిస్తారు. ముద్దబంతి, ఎర్రమందారం, రంగురంగుల క్రోటన్లు ఎన్ని ఉంటే అంత సంతోషం. వయసు మళ్లాక అదే మనిషి నందివర్ధనం పక్కన కుర్చీ వేసుకుని, సన్నజాజి ఒక్కటి చాలంటాడు. ముదురు రంగులు కుర్రతనపు సరదా అంటాడు. ఈ మార్పుకు మనం పెట్టుకున్న పేరు పరిపక్వత. నిజంగా అంతేనా?

మోకాళ్లు వంగనప్పుడు, ఏటేటా నారు పోసే బంతికన్నా ఒకసారి నాటితే ఏళ్ల తరబడి పూసే చెట్టే మేలనిపిస్తుంది. మునిమాపు మసకలో తెల్లని పువ్వే కంటికి ఆనుతుంది. పైగా వయసుతో కంటి కటకం పసుపుబారి, నీలి కాంతిని కొంత అడ్డుకుంటుంది. ఇదంతా మెల్లగా జరుగుతుంది గనుక మనకు తెలియదు.

ఫ్రెంచి చిత్రకారుడు క్లోద్ మోనే 1883 నుండి 1926లో మరణించేవరకు జివెర్నీ గ్రామంలో ఉండి తోట పెంచాడు. తన కలువల కొలనునే పదే పదే చిత్రించాడు. 1912లో ఆయన కళ్లలో శుక్లాలున్నట్లు తేలింది. తర్వాతి చిత్రాల్లో ఎరుపు, గోధుమ రంగులు ముదిరాయి. 1923లో ఒక కంటికి శస్త్రచికిత్స జరిగాక రంగులు వేరుగా కనిపించి కలవరపడ్డాడు. కొన్ని చిత్రాలను మళ్లీ దిద్దాడు.

నా సంగతీ చెప్పాలి. మా కోడలు వరండా ముందు శంఖుపూల తీగ పాకించింది. "ఏముందమ్మా ఇందులో, నల్లగా! తీసెయ్యి" అన్నాను. ఆ పిల్ల మారు మాట్లాడలేదు, తీసేసింది. మరుసటేడు నాకు శుక్లాల ఆపరేషన్ అయింది. కట్టు విప్పిన కొద్దిరోజులకు పక్కింటి గోడ మీద అదే తీగ చూశాను. ఎంత నీలం! లోపం నా కంటిలో ఉంటే తీర్పు పువ్వు మీద చెప్పాను.

అభిరుచి మారడం తప్పు కాదు. ముసలితనంలో జాజి పరిమళం కోరుకోవడమూ అబద్ధం కాదు. కానీ మన కోరికను అందరికీ న్యాయసూత్రంగా నిలబెట్టడం అన్యాయం. "నాకు నచ్చలేదు" అనడానికీ, "ఇది బాగాలేదు" అనడానికీ మధ్య ఎంత దూరముందో ఆలోచించండి. పూల విషయంలోనే కాదు, పిల్లల బట్టల విషయంలో, పాటల విషయంలో కూడా.

తొలకరికి ముందు పక్కింటివారిని నాలుగు శంఖుపూల గింజలు అడిగి తెచ్చి కోడలి చేతిలో పెట్టాను. ఆమె నవ్వి, వాటితో పాటు నా కుర్చీ పక్కన ఒక జాజి అంటు కూడా నాటింది.