ఆ 'అయితే' ఎక్కడ పోయింది?

శాస్త్రజ్ఞుడికి ప్రాణప్రదమైన మాట ఒకటుంది. అది "అయితే". విలేఖరికి బొత్తిగా గిట్టని మాటా అదే! "ఈ విత్తనం కాయతొలుచు పురుగును తట్టుకుంటుంది, అయితే..." అని ఆయన గొంతు సవరించుకునేలోగా ఈయన కాగితం మడిచి జేబులో పెట్టుకుంటాడు. మర్నాడు "పత్తికి పురుగు బెడద తీరింది" అని అచ్చవుతుంది. ఆయన అబద్ధమాడలేదు. ఈయనా కల్పించి రాయలేదు. మరి అబద్ధం ఎక్కణ్ణుంచి పుట్టినట్టు?

ఊసుపోక అడుగుతున్న ప్రశ్న కాదండీ ఇది. మా జగ్గయ్యపేట, నందిగామ మెట్ట చేలల్లో ఆ ఒక్క మాట ఖరీదు ఏడాది పంట. బీటీ పత్తికి మన దేశంలో 2002లో అనుమతి ఇచ్చినప్పుడు, చేను చుట్టూ ఐదు వరసలో, చేలో ఐదో వంతో, ఏది ఎక్కువైతే అంత మేర మామూలు పత్తి వేయాలని షరతు పెట్టారు. అందుకే 450 గ్రాముల బీటీ విత్తనంతో పాటు 120 గ్రాముల మామూలు విత్తనం చిన్న పొట్లం కట్టి ఇచ్చేవారు. ఆ మామూలు మొక్కల మీద పెరిగిన పురుగులు, బీటీకి మొండికేసిన పురుగులతో జతకడితే ఆ మొండితనం వంశమంతా తొందరగా పాకదు. సంగతి విప్పి చెప్పకపోతే, "పురుగుకు మళ్ళీ నేనే విందు పెట్టడమేమిటి?" అని రైతుకు తోచదూ? చాలాచోట్ల ఆ పొట్లం గట్టుమీదే ఉండిపోయింది. గుజరాత్‌లో గులాబీరంగు పురుగు మొదటి రకం బీటీకి లొంగడం లేదని 2010లో కంపెనీవారే చెప్పారు. నన్నడిగితే, ఆ 120 గ్రాముల పొట్లమే శాస్త్రజ్ఞుడి "అయితే".

పోనీ, తప్పంతా విలేఖరి నెత్తిన రుద్దుదామా? 2021లో మన మిర్చి పూతను మాడ్చేసిన నల్ల తామరపురుగు మన దేశంలో బొప్పాయి మీద కనబడిందని శాస్త్రజ్ఞులు 2015లోనే ప్రకటించారు. ఎక్కడ? తమలో తాము చదువుకునే ఇంగ్లీషు పత్రికలో! ఎంతమంది మిర్చి రైతుల చెవిన పడిందంటారు? తొందరపడి మాట్లాడితే ఒక పాపం, తీరిగ్గా ఊరుకుంటే ఇంకో పాపం.

జగ్గయ్యపేట పక్కనే గరికపాడులో కృషి విజ్ఞాన కేంద్రం ఉంది. విలేఖరి రాసిన ముక్క అచ్చుకు ముందు అలాంటిచోట ఓసారి చదివి వినిపిస్తే పరువేం పోదు. లెక్క తప్పితే శాస్త్రజ్ఞుడు దిద్దాలి. విమర్శను దిద్దే హక్కు మాత్రం ఆయనకి లేదు. ఆయన కూడా "అయితే"ను ఉపన్యాసం చివర దాచకుండా మొదటి వాక్యంలోనే, చేలో మాట్లాడుకునే తెలుగులో చెప్పాలి. వినేవాడు అప్పు తెచ్చి విత్తుకునేటప్పుడు, అబద్ధమాడకపోయినంత మాత్రాన నిజం చెప్పినట్టు కాదు.

మనకీ ఓ పని ఉంది. పెళ్లిళ్ల పేరయ్య "అబ్బాయి బంగారం; అయితే..." అని ఆగితే వదిలిపెడతామా? కుర్చీ దగ్గరికి లాక్కుని, "ఊఁ, అయితే?" అనమూ? పేపరు చదివేటప్పుడూ ఆ కుర్చీ కాస్త దగ్గరికి లాక్కుంటే సరి!